పోంపదూర్ వస్తున్నారా? ముందు కట్టెల సంగతి చూసుకోండి

ఫ్రాన్స్‌లో ఉద్యోగం వచ్చిందనగానే మా అమ్మ ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగి పంపమంది. ఏడేళ్ళయింది, ఇంకా పంపలేదు. మేముండే పోంపదూర్‌కి పారిస్ సుమారు 450 కిలోమీటర్లు. ఓస్టర్‌లిట్స్ స్టేషన్‌లో రైలెక్కితే లిమోజ్‌కి మూడున్నర గంటలు, అక్కడి నుంచి కారులో ఇంకో గంట. జనాభా వెయ్యి పైచిలుకు. మన లెక్కలో ఓ మోస్తరు పల్లెటూరు కూడా కాదు. కానీ కోట, రేస్‌కోర్సు, మందుల షాపు ఉన్నాయి కాబట్టి చుట్టుపక్కల వాళ్ళకి ఇదే టౌను.

మాది మలక్‌పేట. మా నాన్న రేస్‌కోర్సులో సైసు, అంటే గుర్రాల్ని చూసుకునే మనిషి. గుర్రాల పని తెలిసిన మనుషులు ఇక్కడ సరిపడా దొరకడం లేదు, అందుకే మనవాళ్ళు ఒకరిద్దరు ఇటువైపు రావడం మొదలైంది. వచ్చేముందు ఫోన్ చేసి అడిగేవి ఎప్పుడూ ఒకటే ప్రశ్నలు. అడగాల్సినవి మాత్రం అడగరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఊరి సంగతి కొంచెం తెలిసి రండి, మాట కలపడానికి పనికొస్తుంది. కాగితాల మీద ఊరి పేరు ఆర్నాక్-పోంపదూర్. కోట ఉన్న వైపు పోంపదూర్, 12వ శతాబ్దం నాటి చర్చి ఉన్న పాత పల్లె ఆర్నాక్. 1745లో రాజు పదిహేనో లూయీ ఈ కోటనీ, మార్కీజ్ అనే బిరుదునీ తన ప్రియురాలు జాన్-ఆంత్వానెత్ పుఅస్సోన్‌కి ఇచ్చాడు. అప్పటినుంచి ఆవిడ మదామ్ ద పోంపదూర్. పాత సినిమాల్లో మన హీరోలు ముందుకి ఎత్తి దువ్వుకునే పఫ్ ఉంది చూశారూ, దానికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు ఆవిడదే. తమాషా ఏమిటంటే, ఆవిడ ఈ ఊళ్ళో ఒక్కసారీ అడుగు పెట్టలేదు. 1761లో రాజు దీన్ని రాచగుర్రాల పెంపక కేంద్రం చేశాడు. ఊరికి బువ్వ పెట్టింది ఆ గుర్రాలే. 19వ శతాబ్దంలో మసూద్ అనే అరబ్బీ, అస్లాన్ అనే టర్కీ మగగుర్రాల్ని ఇంగ్లిష్ థరోబ్రెడ్ అనే రేసుజాతి ఆడగుర్రాలతో కలిపి ఆంగ్లో-అరబ్ జాతిని ఇక్కడ నిలబెట్టారు. పరుగు థరోబ్రెడ్ నుంచి, ఓర్పు అరబ్బీ నుంచి. కోటకి ఎదురుగానే రేసు మైదానం. వేసవిలో రేసు రోజున కోటని వెనక పెట్టుకుని గుర్రాలు కంచెలూ గట్లూ దూకుతుంటే, మలక్‌పేటలో పెరిగిన నాకే నోట మాట రాలేదు.

సరే, కాగితాలు. ఇక్కడ నేను దెబ్బతిన్న చోటే ఎక్కువసేపు ఆగుతాను.

ఫ్రెంచి ఫారంలో మొదటి గడి మీద 'నోమ్' అని ఉంటుంది. చూడగానే నేమ్ అనుకుంటాం. కాదు, నోమ్ అంటే ఇంటిపేరు. మన పేరు రాయాల్సింది 'ప్రెనోమ్' అన్న గడిలో. నేను మొదటి ఫారంలో నోమ్ దగ్గర నా పేరు రాశాను, తర్వాతి ఫారంలో తెలుసుకుని సరిగ్గా రాశాను. అంతే, వాళ్ళ దృష్టిలో ఇద్దరు మనుషులం అయిపోయాం. పైగా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా, పుట్టినరోజు సర్టిఫికెట్‌లో అసలు లేదు. ఒక ఆఫీసు ఆ ఇద్దరినీ ఒకడిగా కలపడానికి ఏడు నెలలు తీసుకుంది. ఆ ఏప్రిల్‌లో మా దగ్గర పుట్టిన గుర్రప్పిల్లకి నాకంటే ముందు కార్డు వచ్చింది. నవ్వకండి, నిజం. ఫ్రాన్స్‌లో పుట్టిన ప్రతి గుర్రానికీ మెడలో చిప్ వేయించాలి, ఒక పాస్‌పోర్టు లాంటి పుస్తకం ఉండాలి. దేశం మొత్తంలోని గుర్రాల లెక్కలు, ఆ పుస్తకాల పని జరిగే ఆఫీసు ఈ ఊళ్ళోనే ఉంది.

కాబట్టి ఇండియాలో ఉండగానే పుట్టినరోజు సర్టిఫికెట్‌లో మీ ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు పూర్తిగా ఉండేలా మార్పించుకోండి. విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించండి. ఫ్రెంచిలోకి అనువాదం మాత్రం ఇక్కడి కోర్టు గుర్తించిన అనువాదకులతోనే చేయించాలి, అక్కడ చేయించి తెస్తే మళ్ళీ డబ్బులు దండగ. పెళ్ళయినవాళ్ళు పెళ్ళి సర్టిఫికెట్‌కీ ఇదే చేయించుకోండి. లాంగ్ స్టే వీసా మీద వచ్చినవాళ్ళు దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో దాన్ని వాలిడేట్ చేసుకోవాలి. చాలా చిన్న పని, మర్చిపోతే మాత్రం పెద్ద టెన్షన్.

ఇంకో సంగతి. గుర్రాల పెంపకం ఇక్కడ వ్యవసాయం కింద లెక్క. అందుకని మన ఆరోగ్య బీమా నగరాల్లో మనవాళ్ళు చెప్పే ఆఫీసులో ఉండదు, రైతుల సంస్థ ఎమ్.ఎస్.ఎ.లో ఉంటుంది. పారిస్‌లో ఐటీ ఉద్యోగం చేసే స్నేహితుడి సలహా విని వేరే ఆఫీసుకి ఫైలు పంపితే తిరిగొస్తుంది. కార్ట్ వితాల్ అనే ఆకుపచ్చ ఆరోగ్య బీమా కార్డు చేతికొచ్చేదాకా డాక్టరు, మందుల బిల్లులన్నీ ఒక కవర్లో దాచుకోండి, తర్వాత డబ్బులు వస్తాయి. ఫ్యామిలీ డాక్టర్ని కూడా నమోదు చేసుకోవాలి, లేకపోతే కన్సల్టేషన్‌లో 70 శాతానికి బదులు 30 శాతమే తిరిగొస్తుంది. ఈ పల్లెల్లో డాక్టర్లు తక్కువ, కొత్త పేషెంట్లని చాలామంది తీసుకోవడం లేదు. జ్వరం వచ్చాక వెతకడం కాదు, వచ్చిన మొదటి వారమే మొదలుపెట్టండి. దగ్గర్లోని ఆసుపత్రి సెంతిరియె అనే ఊళ్ళో, పెద్దది బ్రీవ్‌లో. రాత్రిపూట ప్రాణం మీదికొస్తే 15కి ఫోన్.

ఇక కట్టెలు. ఇంటి బేరం ఆడేటప్పుడు అద్దె తర్వాత అడగండి, ముందు ఇల్లు దేనితో వెచ్చబడుతుందో అడగండి. పాత రాతి ఇళ్ళు, మూరెడు మందం గోడలు. వేసవిలో చూస్తే స్వర్గం. మా మొదటి చలికాలం కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు తీసుకుని, నవంబర్‌లో చవగ్గా వచ్చాయని కట్టెలు దింపించాను. పచ్చి కట్టెలు. పొగ తప్ప వేడి లేదు, గాజు తలుపు మొత్తం నల్లగా అయిపోయింది. పక్కింటి పెద్దాయన వచ్చి, రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూపించాడు: టప్ మంటే పచ్చిది, ఠంగుమంటే ఎండింది. అంతే పాఠం, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు చక్రాల బండిలో ఆయన కట్టెలే తెచ్చి గుమ్మంలో పోశాడు.

కట్టెలు అమ్మే కొలత 'స్టేర్', పేర్చితే ఒక ఘనపు మీటరు. ఓక్ కర్ర అడగండి, రెండేళ్ళు ఎండిందే తీసుకోండి. ఈ జిల్లా నిండా చెస్ట్‌నట్ చెట్లే కాబట్టి ఆ కర్ర చవగ్గా వస్తుంది కానీ చిటపటలాడి నిప్పురవ్వలు ఎగరేస్తుంది, తలుపు లేని పొయ్యిలో అసలు వద్దు. పొగగొట్టం ఏడాదికోసారి శుభ్రం చేయించి ఆ రసీదు దాచుకోండి, ఇల్లు అంటుకుంటే ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది అదే. చలికాలంలో ఇడ్లీపిండి పులియాలంటే కూడా ఆ పొయ్యి పక్కనే దిక్కు.

కారు లేకపోతే ఇక్కడ కాళ్ళు లేనట్టే. ఇండియా లైసెన్స్ ఒక్క ఏడాదే చెల్లుతుంది, తర్వాత దాన్ని మార్చివ్వరు, మొదటి నుంచీ పరీక్ష రాయాలి. రాతపరీక్షలో 40 ప్రశ్నలకి 35 రావాలి, అదీ ఫ్రెంచిలో. ఏడాది పూర్తయ్యేదాకా ఆగకుండా ఆర్నెల్లకే డ్రైవింగ్ స్కూల్లో చేరండి. నేను రోడ్డు టెస్టులో తప్పింది ఒకే ఒక్క విషయంలో. బోర్డేమీ లేని చోట కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి, వాడు సందులోంచి ట్రాక్టర్ మీద వస్తున్నా సరే. మనకేమో హారన్ ఎవడు కొడితే వాడిదే దారి.

హారన్ అంటే గుర్తొచ్చింది. రోడ్డు మీద గుర్రపు రౌతు కనబడితే హారన్ జోలికి పోవద్దు. బాగా స్లో చేసి, ఒకటిన్నర మీటరు ఎడం ఇచ్చి దాటండి. రౌతు చెయ్యి ఎత్తితే పూర్తిగా ఆగమని. చేలల్లో గుర్రాలు కంచె దగ్గరికి వచ్చి మొహం పెడతాయి, పిల్లలు రొట్టె పెడదామంటారు. పెట్టనివ్వకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది పడకపోతే కడుపునొప్పితో చచ్చిపోతుంది కూడా. పైగా కంచెలో కరెంటు ఉంటుంది. గుగ్గిళ్ళు పెట్టి ముద్దు చేయడం మలక్‌పేట అలవాటు, నేనూ మానుకున్నాను.

మనుషుల సంగతికొస్తే ఒకటే సూత్రం, బోంజూర్. బేకరీలోకి, పోస్టాఫీసులోకి, డాక్టరు దగ్గర జనం కూర్చున్న గదిలోకి అడుగుపెట్టగానే అందరికీ వినబడేలా చెప్పాలి. చెప్పకుండా నేరుగా "రొట్టె ఇవ్వండి" అంటే రొట్టె వస్తుంది, మొహం మాత్రం రాదు. మీరు-నువ్వు తేడా మనకి కొత్త కాదు కాబట్టి వాళ్ళ 'వూ', 'త్యు' ఇంగ్లిష్‌వాళ్ళ కంటే మనకే తొందరగా పట్టుబడతాయి. గుర్రపుశాలలో యజమాని కూడా మొదటి రోజే 'త్యు' అంటాడు, అది చులకన కాదు. మేరీ అంటే ఎవరో ఆవిడ కాదు, మున్సిపల్ ఆఫీసు. దిగిన వారంలోనే వెళ్ళి పరిచయం చేసుకోండి. బడిలో పేరు రాయించడం, చెత్త తీసుకెళ్ళే రోజులు, అన్నీ అక్కడే. మూడేళ్ళు నిండితే బడి తప్పనిసరి. శాకాహారులైతే మధ్యాహ్న భోజనం సంగతి బడివాళ్ళకి ముందే చెప్పండి, కోడిమాంసం శాకాహారమే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పన్నెండు నుంచి రెండు దాకా ఊరు మూత. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం కూడా చాలా షాపులు తీయరు. శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

తిండికి అంత ఇబ్బంది లేదు. సూపర్‌మార్కెట్‌లో 'లాంతీయ్ కొరాయ్' అని ఎర్రగా ఉండేది మన మైసూరు పప్పే. కందిపప్పు, చింతపండు, ఆవాలు మాత్రం లిమోజ్‌లోనో, పారిస్ వెళ్ళినప్పుడు గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక తమిళుల కొట్లలోనో. గోంగూర కోసం ఏడవకండి. వసంతంలో సంతలో 'ఒజేయ్' అనే ఆకు వస్తుంది, పుల్లగా సరిగ్గా సరిపోతుంది. మొదటిసారి సంతలో అమ్మేవాడు "ఒజేయ్, ఒజేయ్" అంటుంటే మా ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. ఉప్పు లేని వెన్న కొని కాచుకుంటే నెయ్యి అద్భుతంగా వస్తుంది, అందుకని ఇంటినుంచి నెయ్యీ కోవా తేకండి. యూరప్‌లోకి పాలతో చేసినవి, మాంసం బయటినుంచి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో పారేస్తారు. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట సీజన్, అడవిలో నడకకి వెళ్తే నారింజరంగు జాకెట్ వేసుకోండి. వేసవిలో గడ్డిలో తిరిగొస్తే పిక్కలు, మోకాళ్ళ వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది.

పనిలో చేరేవాళ్ళకి ఒక మాట. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో సెలవు అడగొద్దు. గుర్రం పదకొండు నెలలు మోసి, ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. అది కూడా మనిషి టీ తాగడానికి అవతలికి వెళ్ళినప్పుడే. గడ్డిలో తడితడిగా పడ్డ పిల్ల గంట తిరక్కుండా నాలుగు కాళ్ళూ విప్పి, రెండుసార్లు పడి, మూడోసారి నిలబడుతుంది. దానికి పేరు పెట్టడంలో కూడా ఇక్కడ లెక్క ఉంది. చాలా జాతుల్లో ఆ ఏడాది అక్షరంతోనే పేరు మొదలవ్వాలి: 2024లో పుట్టినవాటికి ఓ, 2025లో పుట్టినవాటికి పి. మా యజమానురాలు పి అక్షరంతో పేరు తట్టక నన్నడిగింది. అలా ఇక్కడ ఒక ఆంగ్లో-అరబ్ గుర్రప్పిల్ల 'పండగ' అయింది. వాళ్ళు 'పాందగా' అంటారు, అది పలుకుతుంది.

వచ్చేటప్పుడు ఇంగువ తెచ్చుకోండి, ఇక్కడ చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. రెండు డబ్బాలు. ఒకటి మాకు.