టోర్నమెంటులో ఓటమి: డెక్కును తిట్టే ముందు ఒకసారి లెక్కపెట్టండి

కార్డుల ఆటయినా, బొమ్మల ఆటయినా నియమాలు మీకు తెలుసు. స్నేహితులతో ఆడేటప్పుడు బాగానే గెలుస్తున్నారు. టోర్నమెంటు బల్ల దగ్గర కూర్చునేసరికి మాత్రం ఏదో ఒకటి బెడిసికొడుతోంది. ఆటగాడిగా కొంతకాలం, జడ్జిగా మరికొంతకాలం ఇలాంటి బల్లల దగ్గర గడిపినవాణ్ని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరూ పాచికలనో, డెక్కునో (తాము ఆడే కార్డుల కట్టనో) తిడతారు. లోపం మాత్రం తరచుగా ఆట మొదలయ్యే ముందు చేయాల్సిన రెండు నిమిషాల పనిలో ఉంటుంది.

కార్డుల విషయంలో మ్యాజిక్: ద గ్యాదరింగ్‌ను, చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధాల విషయంలో వార్‌హామర్ 40,000ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీరు ఆడేది వేరే ఆట అయితే అంకెలు మారతాయి. తప్పులు మారవు.

లక్షణం: ఒక్క కార్డు కూడా వేయకముందే గేమ్ ఓడిపోయారని జడ్జి రాసుకున్నారు

లెక్కపెట్టారా? లేదు. ఎవరూ లెక్కపెట్టరు.

మ్యాజిక్‌లో ముందే కట్టుకొచ్చిన డెక్కుకు కనీసం 60 కార్డులు ఉండాలి, సైడ్‌బోర్డుకు (ఒకే మ్యాచ్‌లో గేముల మధ్య డెక్కులోకి మార్చుకునే అదనపు కార్డులకు) 15 మించకూడదు. పోకెమాన్‌లో సరిగ్గా 60, ఒకటి ఎక్కువైనా తప్పే. యు-గి-ఓలో ప్రధాన డెక్కు 40 నుంచి 60. ఇవన్నీ మీకు కంఠతా వచ్చు. అయినా 59 కార్డుల డెక్కును కలిపి ప్రత్యర్థి ముందు పెడతారు. ఆ అరవయ్యో కార్డు పోయే దారులు మూడే. గత మ్యాచ్‌లో ప్రత్యర్థి మీ కార్డును తన వైపుకు లాక్కుని, ఆట అయ్యాక పొరపాటున తన కట్టలో కలిపేసుకుని ఉంటారు. లేదా ఆట నుంచి తొలగించిన కార్డు బల్ల అంచున ఉండిపోయి ఉంటుంది. లేదా అది మీ డెక్కు పెట్టె అడుగునే ఉంటుంది.

ఇంకొకటి, దీనికన్నా తరచుగా జరిగేది: గత మ్యాచ్ రెండో గేమ్‌లో సైడ్‌బోర్డు నుంచి తెచ్చిన కార్డులను తిరిగి తీయకుండా కొత్త మ్యాచ్ మొదలుపెట్టడం. లెక్క 60కి సరిపోతుంది, కాబట్టి అనుమానం రాదు. కొత్త ప్రత్యర్థితో మొదటి గేమ్‌లో సైడ్‌బోర్డు కార్డు ఒకటి చేతికి వస్తుంది. అప్పుడు గుండె జారుతుంది.

పరిష్కారం: మ్యాచ్ అయిపోగానే, కుర్చీలోంచి లేవకముందే, ముందుగా సైడ్‌బోర్డును చూడండి. ఆ 15 పేర్లు రాసిన చీటీని పెట్టె మూత లోపలి వైపు అంటించుకోండి. పదిహేనూ చీటీ ప్రకారం ఉన్నాయంటే సైడ్‌బోర్డు కార్డు ఏదీ డెక్కులో మిగల్లేదన్నమాట. ఆ తర్వాత డెక్కును లెక్కపెట్టండి. 60 వస్తే మీ పని అయినట్టే. లేవడానికి ముందే అని ఎందుకంటున్నానంటే, పోయిన కార్డు దొరికేది గత ప్రత్యర్థి ఇంకా ఎదురుగా ఉన్నప్పుడే.

లక్షణం: ల్యాండ్లు రావు, వస్తే అన్నీ ఒకేసారి వస్తాయి

ల్యాండ్లంటే మిగతా కార్డులు వేయడానికి శక్తినిచ్చే కార్డులు, ఆ మిగతావి మంత్రాలు. ముందు ఒక లెక్క. 60 కార్డుల్లో 24 ల్యాండ్లున్న డెక్కు నుంచి ఏడు కార్డులు తీస్తే, అందులో ల్యాండు అసలు లేకపోవడమో, ఒక్కటే ఉండడమో 14 శాతానికి పైగా జరుగుతుంది. అంటే ఏడు గేములకు ఒకటి. నాలుగు రౌండ్ల టోర్నమెంటులో, ఒక్కో మ్యాచ్ మూడింట రెండు గెలవాలన్న పద్ధతిలో, ఎనిమిది నుంచి పన్నెండు గేములు ఆడతారు. అలాంటి చెయ్యి ఒకటి రెండు సార్లు రావడం దురదృష్టం కాదు, లెక్క ప్రకారం జరగాల్సిందే. దానికి డెక్కు మార్చకండి.

అంతకన్నా ఎక్కువసార్లు వస్తుంటే కలపడం చాలడం లేదు. గేమ్ ముగిశాక ల్యాండ్లన్నీ బల్ల మీద ఒకేచోట ఉంటాయి. వాటిని అలాగే ఊడ్చి కట్టలో పెట్టి, నాలుగుసార్లు కలిపి, కోతకు ఇస్తే ఆ గుంపు గుంపుగానే మిగులుతుంది. 52 ముక్కల పేకను రెండు సగాలుగా చేసి ఒకదాంట్లో ఒకటి దూర్చి కలిపే పద్ధతిలో ఏడుసార్లు కలిపితే చాలని గణితవేత్తలు డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ 1992లో చూపించారు. మన డెక్కు అంతకన్నా పెద్దది, పైగా స్లీవుల్లో (ఒక్కో కార్డుకు వేసే ప్లాస్టిక్ తొడుగుల్లో) ఉంది. ఎనిమిదో తొమ్మిదో సార్లు కలపండి.

కార్డులను బల్ల మీద కుప్పలుగా పంచి మళ్లీ పేర్చడం కలపడం కాదు, లెక్కపెట్టడం మాత్రమే. మ్యాజిక్ నియమాలు దాన్ని ప్రతి గేమ్ మొదట్లో ఒక్కసారికే అనుమతించేది అందుకే. ఒక ల్యాండు, రెండు మంత్రాలు అంటూ వరుసగా పేర్చి ఆపై కొద్దిగా కలిపేవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత సరిగ్గా కలిపితే ఆ పేర్చడం వృథా. కలపకపోతే అది మోసం.

లక్షణం: జడ్జి మీ డెక్కును పరీక్షకు తీసుకెళ్లి "ఇవి మార్క్‌డ్ కార్డులు" అన్నారు

ఇక్కడ కాసేపు ఆగుదాం. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ముఖం చూడకుండా ఒక కార్డును మిగతావాటి నుంచి వేరు చేయగలిగితే అది మార్క్‌డ్ కార్డు. మీరు కావాలని చేశారా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. ఎక్కడో ఒక కార్డు మూల నలిగితే సాధారణంగా హెచ్చరికతో పోతుంది. గుర్తులున్న కార్డులన్నీ ఒకే రకానివైతే, వాటి వల్ల మీకు లాభం కలిగే వీలుంటే, గేమ్ ఓటమి దాకా వెళుతుంది.

ఆ రోజు రెండు రౌండ్లు గెలిచి ఉత్సాహంగా ఉన్నాను. ముందురోజు రాత్రే కొత్త స్లీవులు వేశాను, ఒక్కటి కూడా నలగలేదు. మూడో రౌండు మొదట్లో జడ్జి డెక్కు తీసుకెళ్లారు. తిరిగి వచ్చి నా ముందే కట్టను బోర్లించి, పొడుగు అంచు మీద నిలబెట్టి, పైవైపు వేలితో నిమిరారు. పది కార్డులు వెంట్రుకవాసి పైకి వచ్చాయి. వాటిని లాగి తిప్పి చూపించారు. పదీ ల్యాండ్లే. నాకు నోట మాట రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా ఇతను మోసగాడనే అనుకునేవాణ్ని.

జరిగింది ఇది. స్లీవుల ప్యాకెట్‌లో 50 ఉన్నాయి. డెక్కు, సైడ్‌బోర్డు కలిపి 75 కార్డులు, కాబట్టి రెండు ప్యాకెట్లు. ఇంట్లో డెక్కును అందరిలాగే పద్ధతిగా పేర్చుకుని కూర్చున్నాను: ముందు 36 మంత్రాలు, తర్వాత 24 ల్యాండ్లు, చివర 15 సైడ్‌బోర్డు. మొదటి ప్యాకెట్ 36 మంత్రాలకు, 14 ల్యాండ్లకు సరిపోయింది. మిగిలిన 10 ల్యాండ్లకూ సైడ్‌బోర్డుకూ రెండో ప్యాకెట్ విప్పాను. రెండు ప్యాకెట్లూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. అయినా కోతలో అతి చిన్న తేడా ఉంది. విడిగా చూస్తే కనిపించదు. కట్టగా పెడితే అంచున గీతలా తెలుస్తుంది. సైడ్‌బోర్డు కార్డులు డెక్కులోకి వస్తే అవి కూడా ఆ రెండో ప్యాకెట్ స్లీవుల్లోనే వస్తాయి. తెలియకుండానే డెక్కులో అతి ముఖ్యమైన సమాచారానికంతా గుర్తు పెట్టేశాను, అదీ శుభ్రంగా, శ్రద్ధగా.

ఈ తప్పు చేసేది నిర్లక్ష్యంగా ఉండేవాళ్లు కాదు, జాగ్రత్తపరులే. అందుకే దొరకడం కష్టం. డెక్కును రకాలవారీగా పేర్చుకుని స్లీవులు వేసే ప్రతివాళ్లకూ ఈ ప్రమాదం ఉంది.

పరిష్కారం: స్లీవులు వేయడానికి ముందే, ఒట్టి కార్డులుగా ఉన్నప్పుడే, డెక్కునూ సైడ్‌బోర్డునూ కలిపి 75 కార్డులనూ బోర్లించి బాగా కలపండి. రెండు ప్యాకెట్ల స్లీవులను కూడా కలిపేయండి. అప్పుడు తేడా ఉన్నా అది ఏ కార్డులకు పడుతుందో ఒక వరుస ఉండదు. అన్నిటికీ వేయడం అయ్యాక డెక్కును విడదీసుకోండి. తర్వాత జడ్జి చేసిన పరీక్షే మీరూ చేయండి: కట్టను వెలుతురులో అంచు మీద నిలబెట్టి నాలుగు వైపులా నిమరండి. ఏదైనా పైకి వస్తే తీసి పక్కన పెట్టండి. పక్కన పెట్టినవి ఏ కార్డులో తిప్పి చూడండి. అన్నీ ఒకే రకమైతే మళ్లీ మొదటికి రండి.

ఇదే జబ్బుకు ఇంకో మూడు రూపాలున్నాయి. సైడ్‌బోర్డు కార్డులు తక్కువగా కలుస్తాయి, కాబట్టి నెల తర్వాత వాటి స్లీవులు మెరుస్తుంటాయి, డెక్కువి మసకబారి ఉంటాయి. కాబట్టి మార్చేటప్పుడు 75కీ ఒకేసారి మార్చండి. టోర్నమెంటు మధ్యలో ఒక స్లీవు చిరిగితే దానికొక్కదానికే కొత్తది తొడిగితే, ఆ కొత్తదే గుర్తవుతుంది. పెట్టెలో నాలుగైదు స్లీవులను కూడా ఏవో పనికిరాని కార్డులతో నింపి, ఇంట్లో డెక్కుతో పాటు కలుపుతూ వాడండి, పాతబడనివ్వండి. అప్పుడు అత్యవసరానికి పనికొస్తాయి. మూడోది ఫాయిల్ కార్డు. కాగితం తేమను పీల్చుకుంటుంది, పైనున్న మెరుపు పొర పీల్చదు. దాంతో కార్డు విల్లులా వంగుతుంది. ప్రత్యర్థి కోసిన ప్రతిసారీ డెక్కు అదే కార్డు దగ్గర విడిపోతుంటే ఇదే కారణం. పుస్తకాల కింద పెట్టి నొక్కితే రెండు రోజులు చదునుగా ఉంటుంది, అంతే. టోర్నమెంటుకు మామూలు కార్డు వాడండి, ఫాయిల్‌ను ఇంట్లో ఆల్బమ్‌లో దాచుకోండి.

లక్షణం: గెలిచే మ్యాచ్‌లు డ్రా అవుతున్నాయి

మ్యాజిక్‌లో రౌండుకు సాధారణంగా 50 నిమిషాలు, సమయం అయ్యాక ఇంకో అయిదు వంతులు. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. రెండు డ్రాల కన్నా ఒక గెలుపు, ఒక ఓటమి మేలని ఆ అంకెలే చెబుతున్నాయి. మీ డెక్కు నెమ్మదిదని అనకండి. మొదటి గేమ్ ఎన్ని నిమిషాలు పట్టిందో ఒకసారి రాసి చూడండి. నేను చూసినంతలో సమయం తినేది పెద్ద నిర్ణయాలు కాదు. వేసే కార్డు ఏదో ముందే తెలిసినా చేతిలోని కార్డులను అటూ ఇటూ జరుపుతూ కూర్చోవడం. ప్రత్యర్థి వంతులోనే మీ తర్వాతి ఎత్తు ఆలోచించుకోండి. ఎదుటివారు నెమ్మదిగా ఆడుతుంటే మర్యాదగా ఒకసారి చెప్పి, ఆ తర్వాత జడ్జిని పిలవండి. అయిదు నిమిషాలు మిగిలాక పిలిస్తే ఆయన చేయగలిగింది తక్కువ.

బొమ్మల ఆటల్లో ఇదే జబ్బు మొదటి రౌండుకు ముందే మొదలవుతుంది. 2000 పాయింట్ల సైన్యాలతో (ఒక్కో బొమ్మకు ఇన్ని పాయింట్లని విలువ ఉంటుంది) అయిదు రౌండ్ల పోరు, చేతిలో దాదాపు మూడు గంటలు. మోహరింపుకే ముప్పావు గంట వాడితే మూడో రౌండు దగ్గర ఆగిపోతారు, చివరి రౌండ్ల పాయింట్లు అందవు. మోహరింపు ఇంట్లో కాగితం మీద గీసుకుని రండి. ఇద్దరికీ చదరంగం గడియారం పెట్టుకుందామని అడగడానికి మొహమాటపడకండి.

లక్షణం: బొమ్మను ఎక్కువ దూరం జరిపారని ప్రత్యర్థి గొడవ

చాలాసార్లు ఆయన చెప్పింది నిజమే. 6 అంగుళాలు జరగాల్సిన బొమ్మకు టేపును పీఠం ముందు అంచు నుంచి పెట్టి, చివర్లో పీఠం వెనుక అంచును ఆ గీత దగ్గర ఆనిస్తే, పీఠం వెడల్పంతా అదనంగా కలుస్తుంది. 32 మిల్లీమీటర్ల పీఠానికి అది అంగుళంపావు. ముందు అంచు నుంచి మొదలుపెడితే ముందు అంచుతోనే ముగించండి. జరిపే ముందు "తుపాకీ అందని దూరంలో ఆపుతున్నాను" అని పైకి చెప్పి, ఇద్దరూ చూస్తుండగా కొలవండి. తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

లక్షణం: సైన్యం జాబితా చెల్లదన్నారు

పాయింట్లు మారాయి. వార్‌హామర్‌లో అవి ఏడాదిలో పలుమార్లు మారతాయి. మీరు జాబితా కట్టింది పాత పాయింట్లతో. టోర్నమెంటు ఏ తేదీ వరకు వచ్చిన మార్పులను లెక్కలోకి తీసుకుంటుందో చదివి, జాబితా మళ్లీ కూడండి. పదో ఎడిషన్‌లో రంగులేసిన సైన్యానికి ఆట స్కోరు 100లో 10 పాయింట్లు ఉన్నాయని కూడా మరచిపోకండి. రంగు వేయని సైన్యంతో వచ్చి ఆరు పాయింట్ల తేడాతో ఓడినవాళ్లను చూశాను.

లక్షణం: గెలిచాను, పట్టికలో ఓడినట్టుంది

ఫలితం చీటీని చదవకుండా సంతకం చేశారు. తర్వాతి రౌండు జతలు ప్రకటించే లోపే వెళ్లి చెప్పండి.

అరుదైనవి

జతలు కట్టే సాఫ్ట్‌వేర్ మీ మీద పగబట్టలేదు. స్విస్ పద్ధతిలో మొదటి రౌండు యాదృచ్ఛికం, ఆ తర్వాత దగ్గరి పాయింట్లవాళ్లతోనే జత పడుతుంది. అందుకే గెలిచేకొద్దీ గట్టివాళ్లు తగులుతారు. ప్రత్యర్థి మోసం చేస్తున్నారన్న అనుమానం పది సందర్భాల్లో ఒకదానిలో నిజమైనా నాకు ఆశ్చర్యమే. అయినా మనసు ఒప్పుకోకపోతే జడ్జిని పిలవండి, మీరే విచారణ మొదలుపెట్టకండి. పాచికల మీద అనుమానం ఉంటే, ఇద్దరం ఒకే జత పాచికలు వాడుదామని ఆట మొదలయ్యే ముందే అడగండి. చాలామంది నవ్వి సరేనంటారు.