పాత చెక్క లేత్ మొరాయిస్తుంటే: సమస్య, కారణం, పరిష్కారం

మూలన పడి ఉన్న లేత్ మిషన్ ఇంటికి తెచ్చుకున్నాక చాలామంది ముందు దానికి రంగు వేస్తారు. నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని. మొదట బెల్టు తీసేసి మోటారును ఒక్కదాన్నే నడపండి. ఆపేశాక చెక్కను పట్టి తిప్పే ఇరుసును, అంటే స్పిండిల్‌ను చేత్తో తిప్పి చూడండి. తర్వాత బెల్టు వేసి చెక్క లేకుండా, చివరగా చెక్క బిగించి నడపండి. లోపం ఏ దశలో బయటపడితే కారణం అక్కడే వెతకాలి. ఈ వరస తప్పితే కొత్త బేరింగులు కొని వేశాక అసలు లోపం బెల్టులో ఉందని తేలుతుంది.

కింద చెప్పేదంతా పోత ఇనుము బెడ్ (మిషన్ భాగాలన్నీ కూర్చునే పొడవాటి దిమ్మె) ఉండి, బెల్టుతో నడిచే, మంచం కోళ్ళు తీసేపాటి లేత్ గురించి.

మోటారు మూలుగుతుంది, తిరగదు

ప్లగ్ పెట్టే ముందే వైరు చూడండి. పైతొడుగు పెళుసుబారితే మొత్తం మార్చేయండి. ఎర్త్ లేకుండా ఒక్క నిమిషం కూడా నడపొద్దు.

సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతూ కదలకుండా ఉంటే వెంటనే ఆపండి, లేదంటే వైండింగ్ కాలుతుంది. బెల్టు లేకుండా పుల్లీని చేత్తో జోరుగా తిప్పి, చెయ్యి తీసేశాక స్విచ్ వేయండి. తిప్పిన వైపే అందుకుని పరిగెత్తిందంటే వైండింగ్ బాగానే ఉన్నట్టు లెక్క. లోపం మోటారును మొదట కదిలించే స్టార్టింగ్ కెపాసిటర్‌లోనో, వేగం అందుకోగానే దాన్ని విడదీసే సెంట్రిఫ్యూగల్ స్విచ్‌లోనో ఉంటుంది. మోటారు ఆగబోయే ముందు లోపల 'టక్'మని వినిపిస్తే ఆ స్విచ్ కదులుతోంది. ఏ చప్పుడూ లేకపోతే రంపపు పొట్టు ఇరుక్కుని ఉండొచ్చు. ప్లగ్ తీసి, విప్పి, పాయింట్లు శుభ్రం చేయండి. కెపాసిటర్‌ను ముట్టుకునే ముందు బల్బు పెట్టిన హోల్డర్ వైర్లు దాని కొసలకు తాకించి ఛార్జ్ పోగొట్టాలి. కొత్తది అదే మైక్రోఫారాడ్‌లో, అదే వోల్టేజీకి లేదా అంతకన్నా ఎక్కువకు తీసుకోండి. ఇంతచేసినా కదలకపోతే వైండింగ్ షాపుకు ఇవ్వడమే మంచిది.

మిషన్ అదురుతుంది, గుర్రుమంటుంది

ఎక్కువమంది టెన్షన్ పడేది దీనికే. మోటారు ఒక్కటే ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, బెల్టు వేయగానే దబ్ దబ్‌మంటే అనుమానించాల్సింది బెల్టునే. ఏళ్ళ తరబడి ఒకే చోట వంగి ఉన్న వి-బెల్టు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. మార్చడం తప్ప మందు లేదు. 'ఎ' సైజు బెల్టు పైవెడల్పు 13 మి.మీ. ఉంటుంది. బెల్టు పట్టు దాని పక్కలతోనే. అందుకే పుల్లీ గాడి అడుగున మెరుపు కనిపిస్తే బెల్టో గాడో అరిగి, బెల్టు అడుక్కి దిగిపోయిందని అర్థం. పుల్లీని పట్టుకునే చిన్న స్క్రూ వదులైనా ఇదే చప్పుడు వస్తుంది కాబట్టి డబ్బు ఖర్చుపెట్టే ముందు దాన్ని బిగించి చూడండి.

చేత్తో తిప్పినప్పుడు ఇసుక నలిగినట్టు తగిలితే బేరింగు పోయింది. నంబరు దాని మీదే ఉంటుంది. ఉదాహరణకు 6205 అంటే లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, మందం 15 మి.మీ. దుమ్ములో పనిచేసే మిషన్ కాబట్టి రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది అడగండి. షాఫ్ట్ మీదకు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి. బయటి రింగు మీద కొడితే కొత్త బేరింగు కూడా గుర్రుమనడం మొదలెడుతుంది. మరీ పాత మిషన్లలో బాల్ బేరింగుకు బదులు కంచు బుష్షులుంటాయి. పైన నూనె గిన్నె కనిపిస్తే వాటికి నూనే వేయాలి, గ్రీజు కూరొద్దు.

చెక్క బిగించాకే అదిరితే తప్పు వేగానిది. అంగుళాల్లో వ్యాసాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. 6 అంగుళాల దుంగకు 1000 నుంచి 1500 చుట్లు. గుండ్రం కాని మొద్దుకు ఇంకా తక్కువతో మొదలుపెట్టాలి.

సెంటర్ జారుతుంది, వంకరగా తిరుగుతుంది

చెక్కను కొసన పట్టుకునే మొనదేలిన ముక్కే సెంటర్. అది కూర్చునే స్పిండిల్ రంధ్రం లోపల మోర్స్ టేపర్, అంటే లోపలికి పోయేకొద్దీ సన్నబడే వాలు, ఉంటుంది. నంబర్ 2 అయితే పెద్ద కొస దాదాపు 17.8 మి.మీ., ప్రతి 20 మి.మీ.కి సుమారు 1 మి.మీ. సన్నబడుతుంది. ఇంత సన్నని వాలు మీద ఒక్క పొట్టు రేణువు చాలు పట్టు తప్పడానికి. డీజిల్‌తో తడిపిన గుడ్డను పుల్లకు చుట్టి తుడవండి. సెంటర్‌కు మార్కర్‌తో నిలువు గీతలు గీసి, లోపల పెట్టి కొద్దిగా తిప్పి తీస్తే ఎక్కడ తగులుతోందో గీతలు చెరిగిన చోటు చెబుతుంది. అక్కడి గరుకును రంధ్రం లోపలిని గీకి సాపుచేసే అదే నంబరు రీమర్‌తో, చేత్తోనే, నెమ్మదిగా తీయాలి.

ఏటికొప్పాక బొమ్మల్లా లక్క పట్టించాలనుకునేవాళ్ళు దీన్ని వదిలేయకూడదు. తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. స్పిండిల్ ఆడితే లక్క ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా పడుతుంది.

రెండు కొసలూ ఎదురెదురుగా కలవవు

కోళ్ళు తీయడానికి కొంచెం తేడా ఉన్నా పని నడుస్తుంది, ఎందుకంటే ఉలి పట్టేది మన చెయ్యి. టెయిల్‌స్టాక్ (చెక్క రెండో కొసను పట్టే భాగం) నుంచి రంధ్రం వేసినప్పుడే అది పెద్దదై ఇబ్బంది పెడుతుంది. హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే భాగం) కింద చేరిన చెత్త తీయండి. అయినా కలవకపోతే బెడ్ మెలి తిరిగిందేమో చూడాలి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట బోల్టులు బిగించేస్తే ఇనుము కూడా మెలి తిరుగుతుంది. అన్నీ వదులు చేసి, బెడ్ రెండు చివరలా అడ్డంగా రసమట్టం పెట్టి, తేడా ఉన్న కాలి కింద రేకు ముక్కలు సర్ది బిగించండి.

టెయిల్‌స్టాక్ వైపు పొగ

తిరగని సెంటర్ చెక్కను రాస్తోంది. కాస్త మైనం రాస్తే తాత్కాలికంగా ఆగుతుంది. బేరింగు ఉన్న లైవ్ సెంటర్ కొనడం మేలు.

ఉలి తట్టుకుంటూ పోతుంది

ఉలిని ఆనించే టూల్ రెస్ట్ అంచు మీద గాట్లు పడ్డాయి. ఆకురాయితో పొడవునా సాపు చేసి మైనం రుద్దండి. బెడ్ మీద మాత్రం ఆకురాయి పెట్టొద్దు. అక్కడి తుప్పుకు డీజిల్, 220 నంబర్ ఎమరీ పేపర్ సరిపోతాయి. విడిగా వచ్చే చిన్న ఇనుప ముక్కలను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వాషింగ్ సోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. గంట ఆలస్యమైనా మళ్ళీ ఎర్రబడతాయి.