2 తిమోతి 3:6లోని ‘అవివేక స్త్రీలు’: ఎలా చదవాలి

2 తిమోతి అంటే బైబిల్ కొత్త నిబంధనలో పౌలు శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక (లేఖ). ఇళ్లలో చొరబడి ‘అవివేక స్త్రీల’ను వశం చేసుకునే మోసగాళ్ల గురించి 3:6 చెబుతుంది. ‘అవివేక స్త్రీలు’ అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాట ‘గునైకారియా’. ‘గునే’ అంటే స్త్రీ. దానికి చిన్నదనాన్ని తెలిపే ‘-ఆరియోన్’ ప్రత్యయం చేర్చి బహువచనం చేశారు. కొత్త నిబంధనలో ఇది ఈ ఒక్కచోటే వస్తుంది.

ముందు ప్రత్యయాన్ని తూచండి. అది చేరినంత మాత్రాన తిట్టు కాదు: యోహాను 6:9లో రొట్టెలు తెచ్చిన పిల్లవాడు ‘పైదారియోన్’, అందులో చులకన లేదు. ఇక్కడ చులకన పుట్టేది పక్కనున్న మాటల వల్ల: పాపభారం, దురాశలు, ఎంత నేర్చినా సత్యం అందకపోవడం.

తర్వాత 3:1 నుంచి 9 దాకా ఒక్క బిగిన చదవండి. అసలు దెబ్బ ఇళ్లలో చొరబడే మోసగాళ్లకే. 6వ వచనాన్ని విడిగా చదివితే అది ఆడవాళ్లందరి మీద తీర్పైపోతుంది. ప్రసంగాల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. అదే పత్రికలో 1:5 తెరవండి: తిమోతి విశ్వాసానికి మూలంగా చెప్పింది అవ్వ లోయి, తల్లి యునీకేలనే.