ప్లేఆఫ్స్‌లో ఎవర్ని నమ్మొచ్చు? అంకెలతో తేల్చుకునే పద్ధతి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ప్లేఆఫ్స్ (రెగ్యులర్ సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే నాకౌట్ దశ) మొదలైతే చాలు, "పెద్ద మ్యాచ్ అంటే వీడు చేతులెత్తేస్తాడు", "ఆఖర్లో బంతి వాడికే ఇవ్వాల్సింది" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తెల్లారకుండానే తీర్పులు పడిపోతుంటాయి (ఫైనల్స్ మనకి ఉదయం 6కి మొదలవుతాయి, కాఫీతో పాటే గొడవ కూడా). వాటిలో సగం ఒక్క షాట్ చూసి చెప్పేవి, మిగతా సగం సగటు పాయింట్లు చూసి చెప్పేవి. నన్నడిగితే రెండూ పనికిరావు. చెలరేగిన రోజున అందరూ గొప్పగానే కనిపిస్తారు కాబట్టి ఆ రోజుల్ని పక్కన పెట్టి, ఆట కుదరని రోజున ఎంత కిందికి పడిపోయాడు, అలాంటి రోజులు ఎన్నొచ్చాయి అని చూడండి. నిలకడ అక్కడే తెలుస్తుంది. బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ సైట్, ఒక ఎక్సెల్ షీటు, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా చూసుకోవచ్చు.

ముందు ఆటగాడి పేజీలో గేమ్ లాగ్ (మ్యాచ్‌ల వారీ పట్టిక) తెరిచి ప్లేఆఫ్స్ మ్యాచ్‌లను ఒక్కొక్కటిగా షీట్లోకి దించండి. సగటు ఉన్న వరుస జోలికి ఇప్పుడే పోవద్దు. 2022 ఫైనల్స్ తీసుకుందాం. బోస్టన్ మీద గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు స్టెఫెన్ కరీ పాయింట్లు వరుసగా 34, 29, 31, 43, 16, 34. అవతల బోస్టన్ ఆటగాడు జేసన్ టేటమ్‌వి 12, 28, 26, 23, 27, 13. సగటు వేస్తే కరీకి 31.2, టేటమ్‌కి 21.5 వస్తుంది, అంతటితో అయిపోయిందనుకుంటాం. కానీ ఒక్కో మ్యాచ్‌ని ఆ సీజన్ సొంత సగటుతో పోల్చండి. కరీ రెగ్యులర్ సీజన్ సగటు 25.5, ఆరింట్లో ఐదు మ్యాచ్‌ల్లో అంతకన్నా ఎక్కువే కొట్టాడు, తేలిపోయింది ఒక్కసారే. టేటమ్ సగటు 26.9, అది దాటింది రెండుసార్లు, అదీ అంచుల్లో. సగం కన్నా కిందికి పడిపోయింది కూడా రెండుసార్లు. పైగా ఆ సీజన్‌లో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ డిఫెన్స్ ఉన్న రెండు జట్లు ఈ రెండే కాబట్టి "వాడికి తేలికైన ప్రత్యర్థి దొరికాడు" అనే సాకు ఇద్దరికీ లేదు.

ఇక్కడే ఇంకో కాలమ్ కావాలి, ఎందుకంటే పాయింట్లు ఒక్కటే చూస్తే మోసపోతాం. టేటమ్ 12 పాయింట్ల మ్యాచ్ మొదటిది, 17 షాట్లు వేస్తే 3 పడ్డాయి, చూడ్డానికే ఘోరం. కానీ అదే మ్యాచ్‌లో 13 అసిస్టులు (పక్కవాడి బాస్కెట్‌కి దారితీసిన పాసులు) ఇచ్చాడు, బోస్టన్ 120-108తో గెలిచింది. షాట్ పడని రోజున బంతిని పక్కవాళ్లకి అందించి జట్టుని గట్టెక్కించినవాణ్ణి విఫలమయ్యాడని ఎలా అంటాం? 13 పాయింట్లు కొట్టిన ఆరో మ్యాచ్ సంగతి వేరు, అది నిజంగానే చెడ్డ రోజు. కాబట్టి ప్రతి మ్యాచ్ పక్కన అసిస్టులు, టర్నోవర్లు (బంతిని అవతలి జట్టుకి పోగొట్టుకోవడం) రాసుకోండి. టర్నోవర్లు అసలు వదలొద్దు. ఆ ఏడాది ప్లేఆఫ్స్ 24 మ్యాచ్‌ల్లో టేటమ్ మొత్తం 100 టర్నోవర్లు చేశాడు, ఒకే ప్లేఆఫ్స్‌లో వంద చేయడం అంటే మామూలు విషయం కాదు.

తర్వాత ట్రూ షూటింగ్. ఇది పాయింట్లకి ఎన్ని అవకాశాలు ఖర్చు పెట్టాడో చెప్పే లెక్క. వేసిన మొత్తం షాట్లకి, ఫ్రీ త్రోల్ని (ఫౌల్ అయినప్పుడు దొరికే, ఎవరూ అడ్డురాని షాట్లు) 0.44తో గుణించి కలపండి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దాంతో పాయింట్లని భాగించండి. 0.44 ఎందుకంటే ప్రతి రెండు ఫ్రీ త్రోలకీ ఒక పొజెషన్ (బంతి జట్టు చేతికొచ్చిన ఒక విడత) పూర్తిగా ఖర్చవదు, షాట్ పడ్డాక అదనంగా వచ్చే ఒక్క ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్స్ లాంటివి ఉంటాయి కదా. అదే ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో కరీ 26 షాట్లు, 9 ఫ్రీ త్రోలు వేసి 43 పాయింట్లు తెచ్చాడు. 9ని 0.44తో గుణిస్తే 3.96, 26తో కలిపితే 29.96, రెట్టింపు 59.92. 43ని దాంతో భాగిస్తే దాదాపు 72 శాతం. బోస్టన్‌లో, సిరీస్‌లో 2-1తో వెనకబడి ఉన్నప్పుడు, ఆ డిఫెన్స్ మీద 72 శాతం అంటే ఇంక చెప్పేదేముంది.

ప్లేఆఫ్స్‌లో అంకెలు తగ్గడం సహజం, ఇది చాలామంది మర్చిపోతారు. బలహీనమైన జట్లు ఇంటికెళ్లిపోతాయి, ఒకే జట్టు మీద వరుసగా ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి, మీ ఆటగాడు ఎడమవైపు తిరగడానికి ఇష్టపడడని మూడో మ్యాచ్‌కల్లా అవతలి కోచ్ కనిపెట్టేస్తాడు. 2024-25లో షై గిల్జస్-అలెగ్జాండర్ రెగ్యులర్ సీజన్ సగటు 32.7, ప్లేఆఫ్స్‌లో 29.9కి దిగింది, మామూలు షూటింగ్ (వేసిన షాట్లలో పడినవి) 51.9 శాతం నుంచి 46.2కి పడింది. అయినా టైటిల్ గెలిచి ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) పట్టుకెళ్లాడు. తగ్గాడు కాబట్టి భయపడ్డాడు అనేస్తే అతన్ని కూడా చేతులెత్తేసేవాళ్ల లిస్టులో వేయాల్సి వస్తుంది. మైకేల్ జోర్డన్ కెరీర్ సగటు 30.1 నుంచి ప్లేఆఫ్స్‌లో 33.4కి పెరిగింది నిజమే, కానీ జోర్డన్‌ని కొలబద్దగా పెట్టుకుంటే లోకంలో ఎవడూ పాస్ కాడు. అదే సిరీస్‌లో అదే జట్టు మీద ఆడిన మిగతా స్టార్లు ఎంత తగ్గారో చూసి, దాంతో పోల్చండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి, అదృష్టం. సీజన్ అంతా త్రీ పాయింటర్లు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 36 శాతం వేసే ఆటగాడు ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 35 ప్రయత్నించాడనుకుందాం. లెక్క ప్రకారం 12 లేదా 13 పడాలి. ఎంత అటూ ఇటూ అవ్వొచ్చో తెలియాలంటే 35 × 0.36 × 0.64 చేసి వర్గమూలం తీయండి, సుమారు 3 వస్తుంది. అంటే 10 పడినా 15 పడినా మామూలే. కానీ 10 పడితే 29 శాతం, 15 పడితే 43 శాతం, మనవాళ్లు ఒకణ్ణి తిట్టిపోసి ఇంకొకణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. 2022 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో కరీ తొమ్మిది త్రీలు వేస్తే ఒక్కటీ పడలేదు, ప్లేఆఫ్స్‌లో అంతకుముందు 132 మ్యాచ్‌ల్లో ఎప్పుడూ అలా జరగలేదు. ఆ సీజన్‌లో అతనిది 38 శాతం. అలాంటివాడు తొమ్మిదింటికి తొమ్మిదీ పోగొట్టుకోవడం, తొమ్మిదేసి త్రీలు వేసిన మ్యాచ్‌లు 70కి పైగా ఆడితే ఒకసారి జరుగుతుంది. అంత పొడుగు కెరీర్‌లో ఎప్పుడో ఒకసారి రావాల్సిందే. వచ్చింది, ఆ మ్యాచ్ కూడా వారియర్స్ గెలిచారు.

ఇదే లెక్క అప్పట్లో ఫిలడెల్ఫియాకి ఆడిన బెన్ సిమ్మన్స్ ఫ్రీ త్రోల మీద వేయండి. 2020-21 సీజన్‌లో 61 శాతం, ప్లేఆఫ్స్‌లో 73 వేస్తే పడింది 25. పడాల్సింది 45 దాకా, అటూ ఇటూ తేడా 4 ఉండొచ్చు, ఇక్కడ తేడా 20. దీన్ని అదృష్టం మీదికి నెట్టలేం. పైగా ఫ్రీ త్రో దగ్గర డిఫెండర్ ఉండడు, దూరం మారదు, మనిషి టెన్షన్ అంకెగా మారి కనిపించే చోటు అదొక్కటే, అందుకే త్రీల కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

వేయని షాట్లు ఇంకా ముఖ్యం. బాక్స్ స్కోరులో (మ్యాచ్ గణాంకాల పట్టిక) శాతం బాగానే ఉంటుంది, తీరా చూస్తే మనిషి బంతే తీసుకోలేదు. అదే ఏడాది అట్లాంటా సిరీస్ ఏడు మ్యాచ్‌ల్లో కలిపి నాలుగో క్వార్టర్లలో సిమ్మన్స్ వేసింది మూడు షాట్లు. కాబట్టి క్వార్టర్ల వారీగా షాట్లు, యూసేజ్ రేటు (జట్టు పొజెషన్లలో ఎంత వాటా అతని చేతిలో ముగిసిందో) చూడండి. మొదటి మూడు క్వార్టర్లలో అడిగి బంతి తీసుకున్నవాడు నాలుగోదాంట్లో మూలన నిలబడుతున్నాడా, అదీ ఒకటి రెండు సార్లు కాకుండా సిరీస్ సిరీస్‌కీ? నిజంగా అనుమానించాల్సింది అలాంటివాణ్ణి. వేసి పోగొట్టుకున్నవాణ్ణి క్షమించొచ్చు.

క్లచ్ గణాంకాల గురించి క్లుప్తంగా. లీగ్ లెక్కలో క్లచ్ అంటే ఆఖరి 5 నిమిషాలు, 5 పాయింట్ల లోపు తేడా. ప్లేఆఫ్స్ మొత్తం మీద ఒకడికి ఆ పరిస్థితిలో దొరికే నిమిషాలు చాలా తక్కువ, పది పదిహేను షాట్లతో ఎవరి సంగతీ తేలదు. క్లచ్‌లో బాగా ఆడినవాడికి లీగ్ ఇచ్చే అవార్డు ట్రోఫీకి పెట్టిన పేరు జెర్రీ వెస్ట్‌ది, ఆయన ఆడిన 9 ఫైనల్స్‌లో 8 ఓడిపోయాడు, 1969లో ఓడిన జట్టు నుంచి ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు. రింగులు (అంటే టైటిళ్లు) లెక్కపెట్టేవాళ్లకి ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే సరిపోతుంది.

చివరి కాలమ్ గాయాలది. 2025 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో టైరీస్ హాలిబర్టన్ 0.3 సెకన్లు ఉండగా గెలుపు షాట్ కొట్టాడు. ఐదో మ్యాచ్‌లో ఆరు షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు, మొత్తం 4 పాయింట్లు. పిక్క కండరం పట్టేసి కుంటుతూ ఆడిన మ్యాచ్ అది, ఏడో మ్యాచ్‌లో అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగిపోయింది. షీట్లో ఆ విషయం రాసుకోకపోతే, రెండేళ్ల తర్వాత తెరిచి చూసినప్పుడు ఆ 4 మాత్రమే కనిపిస్తుంది. అలాంటి మ్యాచ్‌లకి రంగు మార్చి పెట్టండి, తీసేయొద్దు. కనీసం మూడు నాలుగు సిరీస్‌లు, వీలైతే రెండు సీజన్లు పోగయ్యాకే ఎవరి మీదైనా మాట తూలండి. 2022లో అందరి చేతా చీవాట్లు తిన్న టేటమ్ 2024లో టైటిల్ గెలిచాడు, అతని షీటు మూసేయడానికి నాకింకా మనసొప్పలేదు.