పాత డిస్క్ ఆడింది, సేవ్ మాత్రం కాలేదు

హనుమకొండలో మా బావమరిది దగ్గర ప్లేస్టేషన్ 3 (పీఎస్3) స్లిమ్ అనే వీడియో గేమ్ యంత్రం ఉంది. అందులో మొదటి ప్లేస్టేషన్ డిస్క్ పెడితే ఆట చక్కగా నడిచింది. ఎక్కడిదాకా ఆడామో సేవ్ చేయబోతే మాత్రం, దాన్ని దాచే మెమరీ కార్డ్ లేదంది.

"బావా, డిస్క్ ఖరాబైందా?" అన్నాడు. కార్డ్ కొనుక్కొస్తానని చౌరస్తాకు బయల్దేరుతుంటే ఆపాను. ఆ పాత కార్డ్ పెట్టడానికి దీనికి స్లాటే ఉండదు.

మెనూలో గేమ్ కింద మెమరీ కార్డ్ యుటిలిటీ తెరిచి, కొత్త ఇంటర్నల్ మెమరీ కార్డ్ తయారు చేశాం. పీఎస్2 (ప్లేస్టేషన్ 2) కాదు, మొదటి ప్లేస్టేషన్‌కు చెందిన పీఎస్ రకమే ఎంచుకోవాలి. అది హార్డ్ డిస్క్‌లో కార్డులా పనిచేసే ఫైల్, అంతే. తర్వాత దాన్ని మెనూలోని స్లాట్ 1కి (నిజం స్లాట్ కాదు) కేటాయించాలి. ఈ మెట్టు మరిచిపోతే మళ్లీ అదే గొడవ. ఈసారి సేవ్ అయింది.

పీఎస్2 డిస్కులు మాత్రం ఇందులో ఆడవు. 2006లో వచ్చిన తొలి పీఎస్3ల్లో పీఎస్2 చిప్పులనే పెట్టారు, తర్వాతి మోడళ్లలో తీసేశారు. మొదటి ప్లేస్టేషన్ ఆటలను సాఫ్ట్‌వేరే నడిపిస్తుంది కాబట్టి అవి అన్ని పీఎస్3ల్లోనూ ఆడతాయి. తొలి పీఎస్2ది ఇంకో తెలివి: పీఎస్1 (మొదటి ప్లేస్టేషన్) ప్రాసెసర్‌ను లోపలే పెట్టుకుని, పీఎస్2 ఆటలప్పుడు దానితో కంట్రోలర్లు, మెమరీ కార్డుల పని చేయించుకునేది.

మావాడి డిస్కుల్లో సగం పీఎస్2వే. వాటికి పాత పీఎస్2 వెతుక్కోవాల్సిందే.