పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పాలా? ముందు మామిడికాయల గేమ్ చేయించండి

వేసవి సెలవులు వస్తే చాలు, అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ఎక్కడ చూసినా కోడింగ్ క్లాసుల బోర్డులే. చాలాచోట్ల మొదటిరోజే వేరియబుల్ (స్కోరులా మారుతుండే విలువని దాచుకునే పేరు) అంటే ఏమిటో నిర్వచనం రాయిస్తారు, పిల్లలు బట్టీ పడతారు, రెండో వారానికి మానేస్తారు. దయచేసి అలా చేయకండి. పైనుంచి పడే మామిడికాయల్ని బుట్టతో పట్టే గేమ్ చేయించండి, అవసరం పడినప్పుడే వేరియబుల్ పేరెత్తండి.

కావాల్సినవి రెండే: ల్యాప్‌టాప్ (సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌ది తెచ్చుకున్నా చాలు), స్క్రాచ్. ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, ఇందులో కోడ్ టైప్ చేయకుండా బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ తయారుచేస్తారు, ఇంటర్నెట్ లేకపోయినా నడిచే యాప్ కూడా ఉంది. మౌస్ కూడా ఉంటే ఇంకా సులువు. కోడ్ టైప్ చేసి రాసే పైథాన్ ఇప్పుడే వద్దు. ఒక్క కోలన్ మర్చిపోయినందుకు వచ్చిన ఎర్రర్ చూసి బెదిరిపోయే పిల్లలకి లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) ఎక్కడ ఎక్కుతుంది?

బుట్టనీ మామిడికాయనీ వాళ్లతోనే గీయించండి. బాణం కీలతో బుట్ట కదలాలి. కాయ వై 170 (వై అంటే స్క్రీన్ మీద ఎత్తు) దగ్గర మొదలై, ఆగకుండా తిరిగే ఫరెవర్ లూప్‌లో ప్రతి చుట్టుకీ 5 చొప్పున దిగాలి, కిందికి చేరగానే మళ్లీ పైకి పోవాలి. ఇంతవరకూ ఎవరైనా చేసేస్తారు.

అసలు చిక్కంతా స్కోరు దగ్గరే. "బుట్టకి తగిలితే స్కోరు 1 పెంచు" అనే ఇఫ్ బ్లాకుని (కండిషన్, అంటే షరతు చూసేది) పిల్లలు లూప్ బయట పెడతారు. కాయ బుట్టలో పడుతుంది, స్కోరు సున్నాలోనే ఉంటుంది. వెంటనే మౌస్ లాక్కుని సరిచేయకండి! "నాన్నా, తగిలిందా లేదా అని కంప్యూటర్ ఎన్నిసార్లు చూసింది?" అని అడిగి ఊరుకోండి. ఒక్కసారే, అదీ కాయ ఇంకా పైన ఉన్నప్పుడే చూసిందని వాళ్లే పట్టుకోవాలి.

ఇఫ్‌ని లూప్‌లోకి తెచ్చాక ఇంకో తంటా. ఒక్క కాయకే స్కోరు పది పన్నెండు పెరుగుతుంది. లూప్ సెకనుకి సుమారు 30 సార్లు తిరుగుతుంది, కాయ బుట్టని దాటేదాకా ప్రతి చుట్టులోనూ తగులుతూనే ఉంటుంది మరి. చాలామంది ఇక్కడ ఒక సెకను వెయిట్ బ్లాకు పెట్టించి చేతులు దులుపుకుంటారు, దాంతో కాయ బుట్ట మీద బిగుసుకుపోతుంది. అది తప్పు పద్ధతి. స్కోరు పెంచిన ఆ ఇఫ్‌లోనే కాయని పైకి పంపాలి, అప్పుడు తర్వాతి చుట్టులో తగలదు. ఈ ఒక్కచోట గంట పట్టినా పట్టనివ్వండి, లూపూ కండిషనూ వేరియబులూ కలిసి ఎలా పనిచేస్తాయో వాళ్ల కళ్లకి కట్టేది ఇక్కడే.

రెండోసారి ఆడినప్పుడు పాత స్కోరే కనిపిస్తుంది. మొదట్లో స్కోరుని సున్నా చేయాలని మీరు ముందే చెప్పేయకండి, వాళ్లే వచ్చి అడుగుతారు.

ఇదంతా సరిగ్గా ఆడాకే కాయని డూప్లికేట్ చేయించి, రంగు మార్చి, తగిలితే స్కోరు 1 తగ్గే కుళ్లిన కాయ పెట్టించండి.