రేడియో స్టేషన్‌కి లైసెన్స్ ఉన్న పాటలు ఎలా సంపాదించాలి

ఎఫ్‌ఎం అయినా, కాలేజీ స్టేషన్ అయినా, లాప్‌టాప్ మీద నడిపే ఇంటర్నెట్ రేడియో అయినా, కొత్తగా పెట్టేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఫ్రీ పాటలు ఎక్కడ దొరుకుతాయి?" దొరకడానికేం, కోకొల్లలు. కానీ పాట ఫ్రీగా దొరకడం వేరు, దాన్ని ప్రసారం చేసే హక్కు ఉండటం వేరు. డబ్బు పెట్టి సీడీ కొన్నా, నెలనెలా స్పాటిఫైకి చందా కట్టినా ఇదే మాట వర్తిస్తుంది. ఆ చందా మీరు సొంతంగా వినడానికి మాత్రమేనని వాళ్ల షరతుల్లోనే రాసి ఉంటుంది. దాన్ని మిక్సర్‌కి తగిలించి ప్రసారం చేస్తే ఒప్పందం దాటినట్టే.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ప్రతి పాటలోనూ రెండు హక్కులుంటాయి. ఒకటి సాహిత్యం, బాణీల మీద. అది రాసినవాళ్లది, బాణీ కట్టినవాళ్లది, లేదా వాళ్ల దగ్గర హక్కులు తీసుకున్న పబ్లిషర్‌ది. రెండోది రికార్డింగ్ మీద. అది మామూలుగా లేబుల్‌ది, అంటే పాటలు విడుదల చేసే రికార్డు కంపెనీది, లేదంటే ఖర్చు పెట్టి రికార్డ్ చేసుకున్న కళాకారుడిది. బీథోవెన్ 1827లో చనిపోయారు, ఆయన సంగీతం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. కానీ పోయినేడు ఓ ఆర్కెస్ట్రా అదే సంగీతాన్ని వాయించి రికార్డ్ చేస్తే ఆ రికార్డింగ్‌కి యజమాని ఉంటాడు. జానపదాల్లోనూ ఇదే తిరకాసు: పాట ఎవరిదీ కాదు సరే, ఈ మధ్య ఎవరో కొత్తగా వాద్యాలు చేర్చి కూర్చిన రూపం మాత్రం వాళ్లది. అందుకే ఏ పాట చేతికొచ్చినా రెండు హక్కుల సంగతీ విడివిడిగా అడగాలి.

అందరికీ తెలిసిన హిట్ పాటలే వెయ్యాలనుకుంటే మామూలు దారి హక్కుల సంస్థల దగ్గర బ్లాంకెట్ లైసెన్స్ తీసుకోవడం. ఒక్కో పాటకి ఒక్కో అనుమతి అక్కర్లేకుండా, ఆ సంస్థ చేతిలో ఉన్న పాటలన్నీ వేసుకోవచ్చు. సాహిత్యం, బాణీల తరఫున అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ లాంటివి, బ్రిటన్‌లో పీఆర్‌ఎస్, ఫ్రాన్స్‌లో సాసెమ్, జర్మనీలో గెమా, భారత్‌లో ఐపీఆర్‌ఎస్ ఉన్నాయి. రికార్డింగ్‌ల తరఫున బ్రిటన్‌లో పీపీఎల్, అమెరికాలో డిజిటల్ ప్రసారాలకి సౌండ్‌ఎక్స్‌ఛేంజ్. అమెరికాలో ఓ వింత కూడా ఉంది. మామూలు ఏఎం, ఎఫ్‌ఎం స్టేషన్లు రికార్డింగ్‌కి రాయల్టీ కట్టక్కర్లేదు, సాహిత్యం, బాణీలకి కడితే చాలు. అదే పాట ఇంటర్నెట్‌లో వెళ్తే రెండింటికీ కట్టాలి. కాబట్టి "ఎఫ్‌ఎంకి లైసెన్స్ ఉందిగా, స్ట్రీమ్ కూడా పెట్టేద్దాం" అనుకోవద్దు. పైగా ఈ లైసెన్సులు చాలావరకు దేశం సరిహద్దుతో ఆగిపోతాయి. ఇంటర్నెట్ రేడియోని ఏ దేశంవాళ్లయినా వింటారు కాబట్టి, వేరే దేశాల శ్రోతల సంగతేమిటని సంతకం పెట్టకముందే అడగండి.

లైసెన్స్ చేతికొచ్చాక షరతులు కూడా చదవాలి, ఇక్కడే చాలామంది బద్ధకిస్తారు. అమెరికాలో ఇంటర్నెట్ రేడియోకి చట్టం ఇచ్చే లైసెన్స్‌నే తీసుకోండి. ఏ 3 గంటల వ్యవధిలోనైనా ఒకే ఆల్బమ్ నుంచి 3 పాటలకు మించకూడదు, అందులోనూ వరసగా 2 దాటకూడదు. ఒకే కళాకారుడివైతే 4, వరసగా 3 వరకే. ఫలానా పాట ఫలానా టైముకి వస్తుందని ముందే ప్రకటించకూడదు. అంటే ఒకే గాయకుడి పాటలతో రోజంతా మారథాన్ నడపాలంటే ఈ లైసెన్స్ పనికిరాదు. శ్రోత అడిగిన పాటని అప్పటికప్పుడు వినిపించడం, షోని పాడ్‌కాస్ట్‌గా డౌన్‌లోడ్‌కి పెట్టడం కూడా ఇందులోకి రావు.

ఈ ఖర్చు, ఈ లెక్కలు భరించలేం అనుకునే చిన్న స్టేషన్లకి మంచి దారి క్రియేటివ్ కామన్స్, అంటే కళాకారులే ముందుగా షరతులు చెప్పి అందరికీ ఇచ్చే రెడీమేడ్ లైసెన్సులు. 2009లో డబ్ల్యూఎఫ్‌ఎంయూ అనే అమెరికన్ రేడియో స్టేషనే మొదలుపెట్టిన ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, ఇంకా జమెండో, సీసీమిక్స్‌టర్, ఇంటర్నెట్ ఆర్కైవ్, ఇవన్నీ వెతకాల్సిన చోట్లే. కాకపోతే సైట్ పేరు చూసి లైసెన్స్ అనుకోవద్దు. ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్‌లో ఏ పాట లైసెన్స్ దానిదే, జమెండోలో ఊరికే వినే పాటకి కూడా వ్యాపార అవసరానికి విడిగా లైసెన్స్ కొనాల్సి ఉంటుంది.

ఆ లైసెన్స్ అక్షరాలు చదవడం కష్టమేం కాదు. 'బై' ఒక్కటే ఉంటే కళాకారుడి పేరు చెప్పి వాడుకోవచ్చు. 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి కుదరదు. ప్రకటనలు, స్పాన్సర్లు ఉన్న స్టేషన్ దీన్ని ముట్టుకోకపోవడమే మంచిది, లాభాపేక్ష లేని సంస్థ అయినా సరే, ఎందుకంటే లైసెన్స్ చూసేది సంస్థ రకాన్ని కాదు, వాడకాన్ని. 'ఎన్‌డీ' ఉంటే పాటని మార్చి పంచకూడదు. ఉన్నదున్నట్టు వేస్తే ఇబ్బంది లేదు కానీ రీమిక్స్ చేయడం, ముక్కలు కోసి జింగిల్ చేయడం కుదరదు. 'ఎస్‌ఏ' అంటే దాంతో తయారు చేసిన కొత్తదాన్ని కూడా అదే లైసెన్స్ మీద వదలాలి. 'సీసీ జీరో' అన్నిటికన్నా హాయి, పేరు చెప్పాలన్న షరతు కూడా లేదు. 2012లో పియానిస్ట్ కిమికో ఇషిజాకా వాయించిన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ అలా వచ్చిందే. అందులో సంగీతానికి కాపీరైట్ కాలం ఎప్పుడో అయిపోయింది, రికార్డింగ్ హక్కుని కూడా వదిలేశారు, రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి.

పేరు చెప్పడం అంటే ప్రతి పాట తర్వాతా మైకులో లైసెన్స్ చదివి వినిపించాలని టెన్షన్ పడక్కర్లేదు. మాధ్యమానికి తగ్గట్టు సహేతుకంగా ఉంటే చాలని లైసెన్సే చెబుతోంది. పాట పేరు, కళాకారుడి పేరు నోటితో చెప్పి, లింకు, లైసెన్స్ వివరాలు మీ వెబ్‌సైట్‌లోని ప్లేలిస్ట్ పేజీలో పెట్టండి. ఒకవేళ మర్చిపోయారనుకోండి, 4.0 వెర్షన్ లైసెన్సుల్లో తప్పు మీకు తెలిసిన 30 రోజుల్లోపు సరిచేస్తే పోయిన హక్కు దానంతటదే తిరిగి వస్తుంది.

'రాయల్టీ ఫ్రీ' అన్న మాటతో మాత్రం జాగ్రత్త. అది ఉచితం అని కాదు, ఒకసారి కొంటే వేసిన ప్రతిసారీ కట్టక్కర్లేదని. మాటల వెనక వచ్చే సంగీతం, జింగిల్స్ అమ్మే లైబ్రరీలు ఈ పద్ధతిలో నడుస్తాయి. అక్కడ చవగ్గా కనిపించే లైసెన్స్ తరచూ వెబ్ వీడియోలకే పరిమితం, రేడియో ప్రసారానికి ఇంకో ధర ఉంటుంది. షరతుల్లో 'బ్రాడ్‌కాస్ట్' అన్న మాట ఉందో లేదో చూశాకే కార్డు తియ్యండి.

పాత రికార్డుల మీద మోజు ఉంటే పబ్లిక్ డొమైన్, అంటే కాపీరైట్ తీరిపోయిన పాటలు, ఒక గని. అమెరికాలో 1923కి ముందు విడుదలైన రికార్డింగ్‌లన్నిటికీ 2022 జనవరి 1న కాపీరైట్ పోయింది, 1923 నాటివి 2024లో చేరాయి, అక్కడి నుంచి ఏటా ఒక సంవత్సరం చొప్పున కలుస్తున్నాయి. భారత్‌లో విడుదలైన రికార్డింగ్‌కి 60 ఏళ్ల రక్షణ, యూరోపియన్ యూనియన్‌లో 70. ఒక దేశంలో స్వేచ్ఛగా ఉన్నది ఇంకో దేశంలో కాకపోవచ్చు, మీ ప్రసారం ఎక్కడ వినపడుతుందో అక్కడి లెక్కే చూడాలి. రికార్డింగ్ గడువు తీరినా పాట రాసినాయన హక్కు ఇంకా బతికే ఉండొచ్చు, రచయిత మరణం తర్వాత దశాబ్దాల పాటు అది ఉంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి కళాకారుడినే అడగడం. పేరు రాని బ్యాండ్లు, సొంతంగా రికార్డ్ చేసుకునే గాయకులు రేడియోలో తమ పాట వస్తుందంటే ఎగిరి గంతేస్తారు. అలాగని "వేస్కోండి బ్రో" అన్న మెసేజ్‌తో సరిపెట్టుకోవద్దు. మెయిల్ ఇలా రాయండి:

"మీ ఫలానా పాటని మా స్టేషన్‌లో ప్రసారం చేయాలనుకుంటున్నాం. ఎఫ్‌ఎంలో, అదే సమయంలో ఇంటర్నెట్ స్ట్రీమ్‌లో, తర్వాత సైట్‌లో ఉంచే రికార్డెడ్ షోలో వస్తుంది. మాకు స్పాన్సర్లు ఉన్నారు. సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ మీవేనా? వేరేవాళ్ల రికార్డింగ్‌ల ముక్కలు (శాంపిల్స్) ఏమైనా వాడారా? ఏదైనా హక్కుల సంస్థలో సభ్యులా? పైన చెప్పిన వాడకాలన్నిటికీ సమ్మతమైతే ఆ మాటే రాసి ఈ మెయిల్‌కి జవాబు ఇవ్వండి."

సభ్యత్వం గురించి అడగడానికి కారణముంది. చాలా దేశాల్లో సభ్యుడు తన ప్రసార హక్కుని సంస్థకే రాసిచ్చేస్తాడు, కాబట్టి ఆయన మనస్ఫూర్తిగా "ఉచితం" అన్నా ఆ మాట చెల్లదు, బిల్లు సంస్థ నుంచి వస్తుంది. కవర్ పాటలైతే ఇంకో చిక్కు, పాడినవాళ్ల అనుమతి రికార్డింగ్‌కే, అసలు పాట వేరేవాళ్లది. లేబుల్స్ ప్రమోషన్ కోసం పంపే కాపీలు కూడా అంతే, వాటితో బ్లాంకెట్ లైసెన్స్ అవసరం తీరిపోదు.

పాట లైబ్రరీలో చేర్చే రోజే స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరస నింపండి: పాట పేరు, కళాకారుడు, రచయిత, స్వరకర్త, లేబుల్, ఉంటే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ని గుర్తుపట్టే నంబర్), ఎక్కడ దొరికింది, ఏ లైసెన్స్, ఏ వెర్షన్, డౌన్‌లోడ్ చేసిన తేదీ. లైసెన్స్ కనిపించేలా ఆ పేజీ స్క్రీన్‌షాట్ కూడా తీసి పాట పక్కనే పెట్టండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, కళాకారుడు రేపు పాటని సైట్ నుంచి తీసేసినా, షరతులు పాటిస్తున్నంత కాలం మీ హక్కు మీకే ఉంటుంది. కానీ పేజీ మాయమయ్యాక రుజువు ఆ స్క్రీన్‌షాటే. హక్కుల సంస్థలకి పంపే ప్లే రిపోర్టులు (ఏ పాట ఎప్పుడు వేశారన్న లెక్క) కూడా ఈ షీట్ నుంచే తయారవుతాయి.

ఎన్ని పాటలు కావాలన్నది కూడా ముందే లెక్కేసుకోండి. పాట 4 నిమిషాలనుకుంటే గంటకి 15, మాటలు లేకుండా రోజంతా నడిపితే 360. యాభై పాటలతో మొదలుపెడితే మూడున్నర గంటలు తిరక్కముందే మొదటి పాట మళ్లీ వస్తుంది. అంచేత మొదట్లో రోజుకి రెండు మూడు గంటల షోతో ఆగి, వారం వారం వెతికిన పాటలు కలుపుకుంటూ వెళ్లండి. ఎవరైనా "ఇది మా పాట" అని మెయిల్ పెడితే వాదనకి దిగకముందే ఆ పాటని రొటేషన్ నుంచి తీసి పక్కన పెట్టండి, షీట్‌లో ఆ వరస తెరవండి, స్క్రీన్‌షాట్ జతచేసి జవాబు పంపండి.